అరిగిన తెడ్డు

(వాక్యభాగము: మార్కు 6:45–52. తోడుగా చదువవలసినవి: గలతీయులకు 6:1, అపొస్తలుల కార్యములు 27:13–20)



కుటుంబ ప్రార్థనకు కూర్చుండినప్పుడు పైని చెప్పిన మార్కు సువార్త భాగమును ఇంటిలో చదువు వచ్చిన యొకరు బిగ్గరగా చదువుడి. మిగిలినవారు వినుడి. ఆ తరువాత ఈ మాటలు చదువుకొనవచ్చును.

సాయంకాలమున ప్రభువు తన శిష్యులను బలవంతముగా దోనె ఎక్కించి ఆవలి ఒడ్డునకు పంపెను. తాను ప్రార్థన చేయుటకు కొండకు వెళ్లెను. ఎదురు గాలి లేచినది. ఆయన వారి యొద్దకు వచ్చినది రాత్రి నాలుగవ జామున, అనగా మూడు గంటలకును ఆరు గంటలకును మధ్య. యోహాను 6:19 గ్రీకు మూలములో అప్పటికి వారు నడిపిన దూరము ఇరువదియైదు ముప్పది స్టాడియములని ఉన్నది. అది మన లెక్కలో దాదాపు అయిదు కిలోమీటర్లు. గలిలయ సరస్సు పెద్ద సముద్రమేమియు కాదు. పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు 13. అయితే అది సముద్ర మట్టమునకు 200 మీటర్లకు పైగా దిగువన, కొండల నడుమ గిన్నెలో పోసిన నీరువలె ఉండును. గాలి కొండల మీదనుండి దిగి ఒక్కసారిగా విరుచుకొని పడును.

సాయంకాలము మొదలు తెల్లవారుజాము వరకు తెడ్డు లాగి అయిదు కిలోమీటర్లు! ఎదురు గాలిలో గోదావరి పాయ దాటిన లంక గ్రామముల వారికి దీనిని మేము వివరింప పనిలేదు. వారు కష్టపడుచుండిరని మార్కు వ్రాసిన చోట గ్రీకులో హింసింపబడుట అను అర్థముగల మాట కలదు. శతాధిపతి దాసుడు పక్షవాయువుతో పడిన బాధకు మత్తయి 8:6లో వాడినది ఆ మాటనే. తెడ్డు పట్టిన చేతుల నొప్పిని పరిశుద్ధ గ్రంథము తక్కువ చేయలేదు.

పేతురు దోనె దిగి నీళ్ల మీద నడచిన సంగతి మత్తయి 14వ అధ్యాయములో ఉన్నది. దానిమీద ప్రసంగించుట కాపరులమైన మాకందరికి మిక్కిలి ఇష్టము. దోనెలో మిగిలినవారిని గూర్చి ప్రసంగించువారు అరుదు. పేతురు దిగిన తరువాత ఆ దోనె గాలికి కొట్టుకొనిపోకుండ పట్టి ఉంచినది వారే గదా! వారు తెడ్లు విడిచిపెట్టి యుండినయెడల పేతురు తిరిగి ఎక్కుటకు దోనె ఎక్కడ ఉండును? అంత రాత్రి, అంత గాలిలో లాగినను ఆ తెడ్లు విరిగినట్లు వ్రాయబడలేదు. వాటిని ఎవరో ఎప్పుడో పగటివేళ ఒడ్డున కూర్చుండి బాగుచేసి యుండవలెను. జెబెదయి కుమారులను ప్రభువు పిలిచినప్పుడు వారు ఏమి చేయుచుండిరి? దోనెలో కూర్చుండి వలలు బాగుచేసికొనుచుండిరి (మార్కు 1:19). బాగుచేసికొనుట ఆ యింటివారి అలవాటు.

ఇచ్చట ఒక సంగతి చెప్పవలెను. 1986 జనవరిలో అనావృష్టి వలన గలిలయ సరస్సు నీరు వెనుకకు తీసినప్పుడు, గిన్నోసరు అను చోట ఇద్దరు అన్నదమ్ములకు బురదలో పూడిన పాత దోనె యొకటి కనబడినది. అది క్రీస్తు పూర్వము మొదటి శతాబ్దమునకును క్రీస్తు తరువాత మొదటి శతాబ్దమునకును నడిమి కాలపుదని పండితులు నిర్ణయించిరి. మిగిలిన భాగము పొడవు ఎనిమిది మీటర్లకు పైగా, వెడల్పు రెండు మీటర్లకు పైగా ఉన్నది. అది ప్రభువు ఎక్కిన దోనెయే అని చెప్పువారున్నారు. అట్లు చెప్పుటకు ఆధారము లేదు, చెప్పకూడదు. ప్రభువు దినములలో ఆ సరస్సు మీద తిరిగిన దోనెలు ఎట్టివో దానివలన తెలియుచున్నది, మనకు అంత చాలును.

ఆ దోనె పలకలు చాలవరకు దేవదారువి, లోపలి పక్కకొయ్యలు సింధూరపువి. అవి గాక అతుకులు, అతుకుల మీద అతుకులు! చిల్లర చెట్ల కొయ్యలు ఎన్నో కలిసి పదికి తక్కువ కాని రకముల కలప దానిలో కనబడినది. వెన్నుకొయ్యలో కొంత భాగము అంతకు ముందు వేరొక దోనెకు వాడినదే. సొలొమోను మందిరమునకు తెచ్చినట్టు ఏరి తెచ్చిన మ్రాను కాదు. చేతికి దొరికిన కొయ్యతో బాగుచేసి, మరల బాగుచేసి, ఇక చేయుటకు వీలులేదను వరకు వాడిన బీదవారి దోనె అది. అట్టి దోనెలలోనే రక్షకుడు కూర్చుండి బోధించెను. (అదే 1986 ఆగస్టులో మన గోదావరికి మహా వరద వచ్చినది. అక్కడ నీరు తీసి దోనె బయటపడినది, ఇక్కడ నీరు పొంగి ఇండ్లే మునిగినవి. ఆనాడు లంకలలో మనుష్యులను దాటించిన పడవలను గూర్చి పెద్దలు ఇప్పటికిని చెప్పుకొందురు.)

ఇప్పుడు మన పడవలకు చాలవాటికి ఇంజనులు వచ్చినవి. రేవులున్న చోట్ల అనేకములకు వంతెనలు వచ్చినవి. అయినను తెడ్డు లేకుండ పడవ తీయు బుద్ధిమంతుడు లేడు. ఇంజను ఆగుటకు వేళ యుండదు. నడి ఏట ఆగినప్పుడు, సుడి వైపు పడవ తిరిగినప్పుడు, మూలన పడవేసిన ఆ తెడ్డే చేతికి రావలెను. చేతికి వచ్చిన తరువాత విరుగకూడదు.

మన ప్రాంతములో ఒక సహోదరుడు కలడు. ఊరు పేరు వ్రాయము. తండ్రి నాటినుండి రేవు మీద పడవ నడిపినవాడు. వరద నీటిలో గర్భిణీ స్త్రీలను, రోగులను, ఒకసారి శవపేటికను కూడ దాటించినవాడు. ఒకప్పుడు సంఘములో ముందు నిలిచి పనిచేసినవాడు. కోత పండుగ లెక్కల దగ్గర మాట మాట పెరిగి ఆరాధన మానెను. పిమ్మట త్రాగుడులో పడెను. కూటములో పెద్దలను అనరాని మాటలనెను. సంఘపు పట్టీలోనుండి ఆయన పేరు కొట్టివేయవలెనని కొందరు గట్టిగా అడుగుచున్నారు. వారు చెడ్డవారు కారు, నొచ్చినవారు.

ఆ సహోదరుని యింటికి మేము వెళ్లినప్పుడు ఆయన తన పాత తెడ్డును మోకాళ్లమీద పెట్టుకొని గీకుచుండెను. ప్రార్థన మాట ఎత్తితే ముఖము త్రిప్పుకొనెను గాని తెడ్డును గూర్చి అడిగితే చెప్పుటకు ఇష్టపడెను. రెండు మూడు సాయంకాలములు వెళ్లి కూర్చుండి ఆయన పని చూచితిమి. పత్రికలో వ్రాయుదుమా అని అడుగగా, "నా పేరు లేకపోతే రాసుకోండి అయ్యగారండి. తెడ్డు సంగతి మాత్రం తప్పు రాయకండి, జనం ప్రాణాలండి అది" అనెను. కాబట్టి ఆయన చెప్పినది చెప్పినట్టే వ్రాయుచున్నాము. పడవలున్న యిండ్లవారికి ఇది పనికివచ్చును.

మొదట తెడ్డును మంచి నీటితో కడిగి, ఉప్పు, బురద పోగొట్టవలెను. తరువాత నీడలో ఆరవేయవలెను. ఎండలో వేసినయెడల పైపొర త్వరగా ఎండి ముడుచుకొనును, లోపల తడి అట్లే యుండును. అప్పుడు లేని పగులు క్రొత్తగా పుట్టును. గాలి ఆడుచోట కొన్ని దినములు ఓపిక పట్టవలెను. "తడి చెక్కకి జిగురు పట్టదండి. ఎంత ఖరీదు జిగురైనా సరే" అని ఆయన మరి మరి చెప్పెను.

ఆరిన పిమ్మట పరీక్షింపవలెను. తెడ్డు మూడు చోట్ల చెడును. రెక్క కొస ఇసుకలోను రాతిలోను పొడుచుకొని చీలును. కాడ పడవ అంచున తాడు వలయములో ఆడి ఆడి సన్నబడును. రెక్కయు కాడయు కలియు చోట వెండ్రుకవంటి పగులు వచ్చును. ఈ మూడవది అపాయకరమైనది, ఏలయనగా పాత రంగు క్రింద దాగి యుండును. రంగు గీకి, వెలుతురులో దగ్గరగా చూచినయెడల పగులు ఉన్నచోట సన్నని గీతగా కనబడును. మెత్తబడిన చోటును కత్తి మొనతో పొడిచి చూడవలెను. మొన సుళువుగా దిగినయెడల అక్కడ కుళ్లు ఉన్నది. కుళ్లు మీద రంగు వేయుట తన్ను తాను మోసపరచుకొనుటయే. యెహెజ్కేలు 13వ అధ్యాయములో బీటలు వారిన గోడకు పైపూత పూసిన ప్రవక్తలను దేవుడు ఎట్లు గద్దించెనో చదువుడి.

పాత రంగు తీసిన పిమ్మట ఉప్పు కాగితముతో చెక్క నార పోవు దిక్కుననే రుద్దవలెను. అడ్డముగా రుద్దినయెడల నార తెగి, నీరు త్రాగుటకు దారులు ఏర్పడును. పగులులోని మట్టిని సన్నని పుల్లతో తీసివేసి, రెండు భాగములు కలిపి వాడు ఎపాక్సీ జిగురును లోపలికంట దిగునట్లు నింపవలెను. పైన ప్లాస్టికు కాగితము చుట్టి తాడుతో బిగించవలెను. కాగితము లేనియెడల తాడు కూడ అంటుకొనిపోవును. బిగింపులోను మితము కలదు. బలముకొద్ది బిగించినయెడల జిగురంతయు బయటకు కారిపోయి పగులు లోపల ఖాళీ మిగులును. ఒక రాత్రి ఒక పగలు కదలింపక ఉంచవలెను. ఆ పిమ్మట వల అల్లు గట్టి దారమును ఆ చోట ఒత్తుగా, వరుసగా చుట్టి దానిమీద వార్నీషు పూయుట మంచిది. అపొస్తలుల కార్యములు 27:17లో పౌలు ఎక్కిన ఓడను తుపానులో త్రాళ్లతో చుట్టి కట్టిరి గదా. ఓడకైనను తెడ్డుకైనను కట్టు కట్టే.

ఇనుప మేకు మాత్రము కొట్టకూడదు. తొందరపడువారందరు మొదట చేయునది అదే. మేకు దిగునప్పుడే చీలికను పెంచును. తరువాత నీటికి త్రుప్పు పట్టి, చుట్టునున్న చెక్కను నల్లగా చేసి తినివేయును. పైకి బిగిసినట్లు కనబడును గాని కొంతకాలమునకు అక్కడనే విరుగును.

ప్రియులారా, ఇక్కడ మేము ఆగి గలతీయులకు 6:1 తెరచితిమి. ఒకడు ఏదైన తప్పిదములో చిక్కుకొనినయెడల ఆత్మసంబంధులైనవారు అట్టివానిని సాత్వికముతో మంచి దారికి తేవలెనని అపొస్తలుడు ఆ వచనములో ఆజ్ఞాపించుచున్నాడు. అక్కడ ఆయన వాడిన గ్రీకు మాట, జెబెదయి కుమారులు వలలు బాగుచేసికొనుచుండిరని మార్కు వ్రాసినప్పుడు వాడిన మాట ఒక్కటే. పడవపనివారి మాటను పౌలు సంఘ క్రమశిక్షణకు తెచ్చెను. పడిన సహోదరుని తీర్పు తీర్చుడని గాని కొట్టివేయుడని గాని ఆయన అనలేదు. బాగుచేయుడని అనెను. తరువాతి మాట, నీవును శోధింపబడుదువేమో చూచుకొనుమని. బాగుచేయువాడును అదే కొయ్య గదా.

మన కూటములలో ఇనుప మేకులు చాలా కొట్టబడుచున్నవి. అందరి యెదుట నిలువబెట్టి అడుగుట, పాత సంగతులు త్రవ్వుట, క్షమాపణ వ్రాసి సంతకము చేయుమనుట. అప్పటికి బిగిసినట్లే యుండును. సంతకము చేసినవాడు రెండు ఆదివారములు వచ్చి, మూడవ ఆదివారము కనబడడు. అతని హృదయములో ఆ మేకు త్రుప్పు పట్టుచుండును. మరి కొందరు తడి చెక్కకు జిగురు పూయుదురు. మనుష్యుడు ఇంకను కోపముతోను అవమానముతోను తడిసియుండగనే, "రండి, చేయి కలపండి, అయిపోయింది" అందురు. అదియు నిలువదు. నీడలో ఆరుటకు దినములు కావలెను. ఆ దినములలో వెళ్లి ప్రక్కను కూర్చుండువారు కావలెను, ఏమియు బోధింపకయే.

అయితే ఇంకొక మాటయు దాచకూడదు. కాడ అడ్డముగా విరిగినయెడల ఇంటిలో అతికించి దానిని నమ్ముకొని మనుష్యులను ఎక్కించుకొనకూడదని ఆ సహోదరుడే చెప్పెను. రెక్క కొస కుళ్లినయెడల ఆ మేర కోసి క్రొత్త చెక్క అతుకవచ్చును. కాడ పోయినయెడల వడ్రంగి చేత క్రొత్తది చేయించుకొనవలెను. బాగుచేసిన తెడ్డునైనను నేరుగా వరద నీటిలోనికి తీసికొనిపోరు. ఒడ్డు ప్రక్కను నిమ్మళమైన నీటిలో కొన్ని దినములు లాగి చూతురు. తిరిగి వచ్చిన సహోదరుని చేతికి మరునాడే కానుకల పెట్టె తాళము ఇచ్చుట ప్రేమ కాదు, అతనికిని క్షేమము కాదు. ముందుగా అతనికి ప్రభువు బల్లయొద్ద చోటు, పాట పుస్తకము, ప్రక్కను కూర్చుండు మనిషి కావలెను. పనులు తరువాత వచ్చును.

ఇక నూనె సంగతి. బాగుచేసిన తెడ్డుకు కాచిన అవిసె నూనెను పలుచగా పట్టించవలెను. పచ్చి నూనె ఆరుటకు చాలా దినములు పట్టును, కాచినది త్వరగా ఆరును. ఒకేసారి మందముగా పూసినయెడల పైన జిడ్డుగా నిలిచి ధూళి పట్టును. పలుచగా పూసి, మిగిలినది తుడిచి, ఆరనిచ్చి, మరల పూయవలెను. రెక్క కొసను నార తెగి యుండును గనుక అక్కడ నీరు ఎక్కువగా పీల్చుకొనును. ఆ కొసకు మిగిలిన చోట్లకంటె రెండు మూడు పూతలు ఎక్కువ వేయవలెను. ఎండకు తట్టుకొనుటకు కాడకును రెక్కకును పైన వార్నీషు వేయవచ్చును. కొన్ని తీరపు ఊళ్లలో పడవలకు జీడిగింజల పెంకు నూనె పూయుదురు. అది చేతికి తగిలిన బొబ్బలెక్కును, జాగ్రత్త. వలయములో ఆడు చోట పాత తోలు పట్టీ చుట్టి కొవ్వుగాని నూనెగాని రాచినయెడల కాడ అరుగదు, అరిగినను తోలే అరుగును.

అన్నిటికంటె ముఖ్యముగా గృహిణులు వినవలసినది: అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి మూలన పడవేయకుడి. ఆ నూనె ఆరునప్పుడు వేడి పుట్టించును. ఉండలో ఆ వేడి బయటకు పోలేక నిప్పు లేకుండగనే అంటుకొనును. తాటాకు ఇండ్లలో ఇది మహా అపాయము. గుడ్డలను విడివిడిగా ఆరుబయట పరచి ఆరనియ్యవలెను, లేదా నీటిలో ముంచి ఉంచవలెను.

పిడికి వార్నీషు వేయకూడదు. ఇది వినినప్పుడు మాకు ఆశ్చర్యము కలిగినది. పిడియే గదా చేయి పట్టునది, దానికే నునుపు కావలెనని అనుకొందుము. నునుపైన పిడి తడిచేతిలో జారును, అరచేతికి బొబ్బలు తెచ్చును. పిడిని ఉప్పు కాగితముతో సాపుచేసి, కొంచెము నూనె పట్టించి, కొయ్యను కొయ్యగానే వదలవలెను. ఆ సహోదరుడు తన అరచేయి చాపి చూపెను. పిడియు ఆ చేయియు ఒక్కటే రంగుగా నున్నవి.

పని ముగిసిన తరువాత తెడ్డును గోడకు ఆనించి నెలల తరబడి వదలినయెడల వంగిపోవును. నేల మీద పెట్టినయెడల చెదలు పట్టును. చూరు క్రింద మూడు చోట్ల సమముగా ఆనునట్లు పడుకోబెట్టవలెను. పొడిగా ఉంచిన కొయ్య త్వరగా కుళ్లదు.

గలిలయ సరస్సులో ప్రభువు దోనె ఎక్కగానే గాలి అణగెనని మార్కు వ్రాసెను. ఆయన ఒడ్డునుండియే గాలిని అణచగలవాడు. అయితే వారు లాగుచుండగా చూచెను, చూచి వచ్చెను, వారితో కూడ ఎక్కెను. వారు అప్పటికిని ఆయనను సరిగా గ్రహింపలేదనియు, వారి హృదయము కఠినమైనదనియు 52వ వచనములో ఉన్నది. అట్టివారి దోనెలోనే ఎక్కెను. పేతురు ఆ తరువాత ఆయనను ఎరుగనని ముమ్మారు బొంకెను. ప్రభువు అతని పేరు కొట్టివేయలేదు. ఒడ్డున నిప్పులు వేసి, చేపలు కాల్చి, తినుమని పిలిచి, ఆ పిమ్మట గదా గొఱ్ఱెలను గూర్చి మాటలాడెను (యోహాను 21). అన్నము ముందు, ప్రశ్న తరువాత.

పేరు కొట్టివేయు సంగతి ఈ నెల చివరి శనివారము సంఘ పెద్దల కూటములో వచ్చుచున్నది. ఓటు ఎవరిది ఎట్లుండునో మేము చెప్పలేము. కూటమునకు ముందు శుక్రవారము ఇద్దరు పెద్దలు ఆ సహోదరుని యింటికి వచ్చుటకు ఒప్పుకొనిరి. వారిలో ఒకరు ఆనాటి కూటములో ఆయన చేత మాటలు పడినవారే. ఆయన తెడ్డు కూడ అరిగినది, రెక్క దగ్గర చీలినది, మూడు వారములుగా ఇంటి నీడలో ఆరుచున్నది. దానిని వెంట తెచ్చెదమనియు, జిగురును వల దారమును ఆయనయొద్ద ఉన్నవో లేవో కనుగొనుమనియు ఆ పెద్ద మమ్మును అడిగిరి. ఉన్నవని కబురు పంపితిమి. మీ ప్రార్థనలలో ఆ శుక్రవారమును జ్ఞాపకము చేసికొనుడి.